ఆ రాత్రి ఎన్ని క్యూసెక్కులు?



2020 అక్టోబరు 13. కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం హైదరాబాద్ మీదికి వచ్చింది. పొద్దుటి నుంచీ పట్టిన వాన రాత్రికి ఉగ్రరూపం దాల్చింది. బేగంపేటలో 24 గంటల్లో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ దగ్గరి సింగపూర్ టౌన్‌షిప్‌లో 32 సెంటీమీటర్లు కురిసింది. ఆ రాత్రే మైలార్‌దేవ్‌పల్లి పల్లెచెరువు కట్ట తెగింది. అలీనగర్‌లో ఒకే కుటుంబానికి చెందిన పలువురు వరదలో కొట్టుకుపోయారు. గగన్‌పహాడ్ దగ్గర అప్పచెరువుకు గండి పడి బెంగళూరు జాతీయ రహదారి కోసుకుపోయింది. కార్లు, లారీలు నీళ్లలో తేలాయి. అక్కడా ప్రాణాలు పోయాయి. నాలుగు రోజులు తిరిగేసరికి బాలాపూర్ గుర్రంచెరువు వంతు వచ్చింది.

పల్లెచెరువు, అప్పచెరువు రెండూ కాటేదాన్ పారిశ్రామికవాడ చుట్టుపక్కలవే. వాన ఎంత పడిందో ఆ మర్నాడే పత్రికలన్నీ రాశాయి. కానీ తెగిన ఆ రహదారి కింది కల్వర్టులోకి ఆ రాత్రి ఎన్ని క్యూసెక్కుల నీరు వచ్చింది? ఇంజనీరుకు కావలసింది ఆ లెక్క. కొత్త కల్వర్టు ఎంత వెడల్పుండాలో, చెరువు కట్ట ఎంత ఎత్తుండాలో, కట్ట కింద ఇళ్లకు అనుమతి ఇవ్వవచ్చో లేదో తేల్చేది అదే. అలాంటి చిన్న నాలాల్లో ప్రవాహాన్ని కొలిచే ఏర్పాటే ఉండదు. తర్వాత ఎవరు ఏ అంకె చెప్పినా అది లెక్కగట్టి చెప్పినదే. లెక్కగట్టిన అంకె అటూఇటూ ఎంతవరకు జరగవచ్చన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

నది అయినా నాలా అయినా, ప్రవాహాన్ని నేరుగా కొలవడం దాదాపు అసాధ్యం. నీటి ఎత్తును కొలవవచ్చు, వెడల్పును కొలవవచ్చు, వేగాన్ని అక్కడక్కడ పట్టుకోవచ్చు. ఈ మూడింటినీ గుణిస్తే వచ్చేది ప్రవాహం. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, అంటే సుమారు 28 లీటర్లు, ఒక క్యూసెక్కు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. గుణకారంలో ఏ ఒక్క అంకె తప్పినా ఆ తప్పు జవాబులోకి వస్తుంది. మూడూ కొద్దికొద్దిగా తప్పితే జవాబు చాలా దూరం పోతుంది.

కాటేదాన్‌లో షెడ్ల వెనక పారే ఒక నాలాను ఊహించుకోండి. వెడల్పు మూడు మీటర్లు. గట్టు మీద పది మీటర్ల ఎడంలో రెండు రాళ్లు పెట్టి, ఎగువన ఒక బత్తాయిని నీళ్లలో వేస్తారు. బత్తాయి సగానికి పైగా మునిగి తేలుతుంది గనక గాలి దాన్ని అంతగా తోయలేదు. అది మొదటి రాయి నుంచి రెండో రాయి చేరడానికి ఎనిమిది సెకన్లు పట్టింది. అంటే వేగం సెకనుకు 1.25 మీటర్లు. అది పైపొర వేగం. అడుగున, గోడల పక్కన నీరు రాపిడికి నెమ్మదిస్తుంది. కాబట్టి సగటు వేగం కోసం 0.85తో గుణించడం ఆనవాయితీ. కర్ర దించి చూస్తే లోతు 40 సెంటీమీటర్లు. అన్నీ గుణిస్తే సుమారు 45 క్యూసెక్కులు. లెక్క తేలిపోయినట్టే ఉంది.

కానీ ఆ కర్ర నీటి అడుగున ఉన్న బురదలోకి పది సెంటీమీటర్లు దిగిపోయి ఉంటే? అసలు లోతు 30 సెంటీమీటర్లే. అప్పుడు 34 క్యూసెక్కులు. అడుగున రాళ్లూ ప్లాస్టిక్కూ పేరుకుని ఉంటే 0.85 కూడా నిలవదు. 0.7 అనుకుంటే 28 క్యూసెక్కులకు దిగుతుంది. నున్నటి కాంక్రీటు అడుగు, బురద లేని లోతు అనుకుని 0.9 వేస్తే 48కి ఎక్కుతుంది. వాచీ నొక్కడంలో ఒక్క సెకను తేడా వస్తేనే ఫలితం పన్నెండు శాతం మారుతుంది. ఒకే నాలా, ఒకే బత్తాయి, ఒకే నిమిషం. జవాబు మాత్రం 28 నుంచి 48 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. ఇందులో ఎవరి అజాగ్రత్తా లేదు. ఈ పద్ధతికున్న హద్దే అంత.

ఇంతకంటే మంచి పద్ధతి కరెంట్ మీటరు. 1882లో అమెరికా ఇంజనీరు ప్రైస్ రూపొందించిన కప్పుల మీటరు నేటికీ వాడుకలో ఉంది. నీటి తోపుకు కప్పులు తిరుగుతాయి, ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెడతారు. నదిని అడ్డంగా ఇరవై పాతిక పట్టీలుగా విడగొట్టి, ఒక్కొక్క పట్టీలో లోతు చూసి, ఆ లోతులో పదింట ఆరు వంతుల దగ్గర, లేకపోతే రెండు వంతులు, ఎనిమిది వంతుల దగ్గర మీటరు దించుతారు. అన్ని పట్టీల ప్రవాహాన్నీ కూడితే మొత్తం. నిదానంగా పారే మంచి కాలువలో, అనుభవజ్ఞులు ఇంత శ్రద్ధగా చేస్తే తేడా అయిదు శాతం లోపలికి తేవచ్చు. కాటేదాన్‌కు దగ్గరలోనే, రాజేంద్రనగర్ హిమాయత్ సాగర్ ప్రాంతంలో వాలంతరి ఉంది. సాగునీటి ఇంజనీర్లు కాలువల్లో నీటిని కొలిచే శిక్షణ పొందేది అక్కడే. అంటే విద్య మన పక్కనే ఉంది.

చిక్కల్లా వరద రాత్రిది. అప్పుడు నీటిలోకి మీటరు దించితే చెట్టుకొమ్మో, గ్యాస్ సిలిండరో వచ్చి ఎత్తుకుపోతుంది. పట్టీలన్నీ కొలిచేలోపు నీరు మీటరు ఎత్తు పెరుగుతుంది. అందుకే ఇంజనీర్లు ప్రశాంతమైన రోజుల్లో వేర్వేరు నీటిమట్టాల దగ్గర ప్రవాహాన్ని కొలిచి, ఏ మట్టానికి ఎంత ప్రవాహమో ఒక గీత గీసి పెట్టుకుంటారు. వరద రోజు మట్టం మాత్రం చదివి, మిగతాది గీతను బట్టి చెబుతారు. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడ జనం అడుగుల్లోనే మాట్లాడుకోవడం తెలివైన పని. ఎందుకంటే అడుగులు కంటికి కనబడేవి, లక్షల క్యూసెక్కులు గీత మీద చదివేవి. 1986 ఆగస్టులో అక్కడ మట్టం 75.6 అడుగులకు చేరింది. అంత ఎత్తు దగ్గర ఎవరూ మీటరు దించి ఉండరు. గీతను ఊహతో పొడిగించాల్సిందే. పెద్ద వరదల అంకెల్లో అనిశ్చితి పెరిగేది సరిగ్గా అక్కడే. అదీగాక, వరద ఎక్కేటప్పుడు ఒక మట్టం దగ్గర పారే నీరు, దిగేటప్పుడు అదే మట్టం దగ్గర పారే నీటికంటే ఎక్కువ. గీత ఒక్కటే, నదికి మాత్రం రెండు నడకలు.

శ్రీశైలం దగ్గర 2009 అక్టోబరు 2న ఇలాంటి అంచనాకు మించిన వరదే వచ్చింది. ఆనకట్టను సుమారు 19 లక్షల క్యూసెక్కుల వరదకు తగ్గట్టు కట్టారు. ఆ రోజు వచ్చినది సుమారు 25 లక్షలని లెక్క. జలాశయం మట్టం 885 అడుగుల పూర్తి స్థాయిని దాటి 896కు పైగా వెళ్లింది. కట్టినప్పుడు వేసిన వరద అంచనాను నది దాటిపోయింది. అదృష్టం బాగుండి ఆనకట్ట నిలిచింది.

మళ్లీ హైదరాబాద్ శివారుకు, శంషాబాద్ వైపు వద్దాం. ఈ ప్రాంతానికి ప్రవాహ గణనలో చాలా పాత చరిత్ర ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ వరద కారణాలు తేల్చడానికి వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ముందుంచిన అంకెల్లో ముఖ్యమైనది శంషాబాద్ వర్షమాపకానిదే. అక్కడ 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు నమోదైంది. నగరానికి ఎగువన మూసీ, ఈసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుండేవి, దాదాపు చదరపు మైలుకొకటి. వాటిలో 221 తెగాయి. ఆ వరద గరిష్ఠ ప్రవాహం సుమారు 4.25 లక్షల క్యూసెక్కులని అంచనా వేశారు.

అలాంటి అంకె ఎలా వస్తుందో చూడండి. వరద వెళ్లిపోయాక గోడల మీద, చెట్ల మీద నీటి మరకలు మిగులుతాయి. వాటిని బట్టి ఎంత ఎత్తున పారిందో, ఎంత వాలున పారిందో తెలుస్తుంది. తర్వాత సూత్రం వేస్తారు. ఐర్లండ్ ఇంజనీరు రాబర్ట్ మానింగ్ 1889లో ప్రతిపాదించిన సూత్రాన్ని నేటికీ ప్రపంచమంతా వాడుతోంది. ఇందులో గరుకుదనానికి ఒక అంకె ఉంటుంది. నున్నటి కాంక్రీటు కాలువకు 0.013 దగ్గర, మట్టి కాలువకు 0.025 దగ్గర, పొదలూ తుంగా ఉన్న వాగుకు 0.05, ఇంకా పైన. ఈ అంకె రెట్టింపయితే ప్రవాహం సగానికి పడిపోతుంది. దాన్ని ఏ యంత్రమూ చూపించదు. ఇంజనీరు వాగును కళ్లతో చూసి తన అనుభవం కొద్దీ ఎంచుకోవాలి. కాటేదాన్ నాలాను కాంక్రీటు గోడలు చూసి ఒకరు 0.015 అనవచ్చు. అడుగున పేరుకున్న రబ్బరు ముక్కలు, గోనెసంచులు, పూడిక చూసి మరొకరు 0.03 అనవచ్చు. ఇద్దరి లెక్కల్లో ఒకటి మరొకదానికి సగం. నాలా శుభ్రంగా ఉందనుకుని గీసిన డిజైనుకు, చెత్తతో నిండిన నాలాలో పారే వరదకు మధ్య ఇంత దూరం ఉంది. నాలాలో చెత్త వేయడం మురికి సమస్య మాత్రమే అనుకునేవారు ఈ సగాన్ని గుర్తుంచుకోవాలి.

1908లో 221 చెరువులు తెగాయన్న మాట 2020 దాకా ఈ ప్రాంతాన్ని వెంటాడుతూనే ఉంది. వాన ఎంత పడిందో, ఎంత పారిందో లెక్కించే సూత్రాలేవీ పైచెరువు తెగుతుందని ఊహించవు. గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి తెగితే దాని నీరంతా కొద్దిసేపట్లోనే కింది చెరువు మీద పడుతుంది. అప్పుడు కింది నాలాలో వచ్చే ప్రవాహం వాన ఇచ్చిన ప్రవాహానికి ఎన్నో రెట్లు. ఇక్కడి అనిశ్చితిలో అతి పెద్ద భాగం ఇదేనని చెప్పాలి. గరుకుదనం అంకెను మూడో దశాంశం దాకా సవరించే ముందు, పైచెరువు కట్ట గట్టిగా ఉందో లేదో చూడటం ఎక్కువ ప్రయోజనం.

హైదరాబాద్ రాజ్యంలోనే ఈ సమస్యతో తలపడ్డ మరో ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. నిజాంసాగర్ నిర్మాణంతో ఆయన పేరు ముడిపడి ఉంది. తెలంగాణలో జూలై 11న, ఆయన పుట్టినరోజున ఇంజనీర్ల దినోత్సవం జరుపుతారు. దక్కన్ పీఠభూమి వాగులకు పరీవాహక విస్తీర్ణం నుంచి గరిష్ఠ వరదను లెక్కించే సూత్రం ఒకటి ఆయన పేరుతోనే జలశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఉంది. అందులోని గుణకం 48 నుంచి 60 వరకు ఉంటుందని చెబుతారు. ఈ రెండు చివరలకూ మధ్య తేడా పాతిక శాతం. ఆ సూత్రంలో మెచ్చుకోవలసింది అదే. తనకు ఎంతవరకు తెలుసో, ఎక్కడ తెలియదో సూత్రంలోనే రాసిపెట్టారు.

కానీ ఆ సూత్రం చూసిన నేల వేరు. బండలు, తుప్పలు, జొన్నచేలు, మట్టి. ఇప్పుడు శంషాబాద్‌లో 2008 మార్చి నుంచి విమానాశ్రయం నడుస్తోంది. దాని రన్‌వేలు, ఔటర్ రింగ్ రోడ్డు, గిడ్డంగులు, కాటేదాన్ షెడ్ల రేకులు, కాలనీల సిమెంటు రోడ్లు ఇవన్నీ నీటిని ఇంకనివ్వవు. ఒక చదరపు కిలోమీటరు నేల మీద గంటకు అయిదు సెంటీమీటర్ల వాన పడిందనుకుందాం. పొలాలూ ఖాళీ జాగాలూ ఉండి నూటికి నలభై వంతులు పారితే సుమారు 200 క్యూసెక్కులు. అంతా కట్టడాలై తొంభై వంతులు పారితే 440 క్యూసెక్కులు. వాన అదే, నేల అదే, కల్వర్టు కూడా అదే పాతది. దాని వెడల్పు మాత్రం పాత 200 చూసి పెట్టింది. ఏ ఏడాది లెక్కను ఆ ఏడాదే సరిచూసుకోకపోతే పాత అంచనా తప్పుడు అంచనా అవుతుంది.

వాన కొలతలోనే తేడా ఉంది, దాన్ని త్వరగా చెప్పుకుందాం. వర్షమాపకం మూతి వెడల్పు జానెడు లోపే. దాని మీద పడిన చుక్కల్ని బట్టి కిలోమీటర్ల నేలకు లెక్కగడతారు. రాజేంద్రనగర్‌లో కుండపోత, శంషాబాద్‌లో చినుకులు అనే సాయంత్రాలు ఇక్కడివారికి కొత్త కాదు. ప్రభుత్వ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు పెరిగాక ఈ లోటు బాగా తగ్గింది. నాలాల దగ్గర ఆ పని ఇంకా వెనకబడే ఉంది.

ఇలాంటి తేడా జలాశయాల దగ్గరా ఉంటుంది. హిమాయత్ సాగర్ సంగతి చూద్దాం. ఈసీ నది మీద 1927లో పూర్తయిన ఈ జలాశయం శంషాబాద్ పక్కనే ఉంది. పూర్తి నీటిమట్టం 1763.5 అడుగులు, 17 గేట్లు. వర్షాకాలంలో జలమండలి ప్రకటనల్లో ఇన్‌ఫ్లో ఇంత, అవుట్‌ఫ్లో ఇంత అని వస్తుంది. ఇన్‌ఫ్లోను నేరుగా చూసేవారుండరు. గంటగంటకూ జలాశయం ఎంత పెరిగిందో, గేట్ల నుంచి ఎంత వదిలారో కలిపి వెనక్కి లెక్కగడతారు. పది చదరపు కిలోమీటర్ల నీటి విస్తీర్ణం మీద ఒక్క సెంటీమీటరు తప్పు చదివితే లక్ష ఘనపు మీటర్ల తేడా. గంట లెక్కలో అది సుమారు వెయ్యి క్యూసెక్కులు. గాలికి లేచే అల ఒక సెంటీమీటరు కంటే ఎత్తే ఉంటుంది. కాబట్టి చిన్న ప్రవాహం ఉన్నప్పుడు గంటవారీ ఇన్‌ఫ్లో అంకె ఎగుడుదిగుడుగా ఉంటే కంగారు పడనక్కర్లేదు. ఆరేడు గంటల సగటు చూస్తే నిలకడ వస్తుంది. 2025 సెప్టెంబరు 26 రాత్రి ఈ జలాశయం, దీని జంట జలాశయం వదిలిన నీరు మూసీలో కలిసి మహాత్మాగాంధీ బస్టాండులోకి వచ్చినప్పుడు, కింద ఉన్నవారికి కావలసిన సమాచారం ఒకటే. ఎన్ని గంటలకు, ఎంత ఎత్తున నీరు వస్తుంది? అది చెప్పడానికి ఇన్‌ఫ్లో అంచనాయే మొదటి మెట్టు.

క్యూసెక్కుల్లో తేడా రాష్ట్రాల వాటాల దాకా వెళ్తుంది. బచావత్ ట్రిబ్యునల్ 1973లో కృష్ణానదిలో 75 శాతం విశ్వసనీయతతో 2060 టీఎంసీల నీరు ఉంటుందని తేల్చింది. బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 2010లో అదే 75 శాతానికి 2173 టీఎంసీలు అంది. ఒకరు చూసింది 1894-95 నుంచి 78 ఏళ్ల లెక్కలు, మరొకరు చూసింది 1961-62 నుంచి 47 ఏళ్ల లెక్కలు. నది ఒక్కటే, తేడా 113 టీఎంసీలు, ముప్పైకి పైగా హిమాయత్ సాగర్‌లంత నీరు.

కాటేదాన్‌లో ప్రవాహం తెలియకపోవడం వల్ల ఇంకొక నష్టం ఉంది. ఇక్కడి నేలలో సీసం, క్రోమియం వంటి లోహాలు చేరాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పరిశోధించి ప్రచురించారు. ఇక్కడి నూర్ మహమ్మద్ కుంట చెరువు ఎంత కలుషితమైందో స్థానికులకు తెలిసినదే. నాలా నీటి సీసా పట్టుకెళ్లి పరీక్షిస్తే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల విషం ఉందో తెలుస్తుంది. రోజుకు ఎన్ని కిలోలు చెరువులో చేరుతోందో తెలియాలంటే ఆ అంకెను ప్రవాహంతో గుణించాలి. ప్రవాహం 28 క్యూసెక్కులో 48 క్యూసెక్కులో తేలనప్పుడు ఎవరిమీదా గట్టిగా కేసు నిలవదు. ప్రవాహ మాపనం లేకపోవడం కాలుష్యం చేసేవారికి ఒక రక్షణగా మారుతోంది. ఇది సహించదగినది కాదు.

మరి చేయవలసింది ఏమిటి? మొదటగా మనకు ఉన్నదాన్ని వాడుకోవాలి. ప్రతి పాత చెరువుకూ మిగులు నీరు పొర్లిపోయే మత్తడి ఉంది. వానలు బాగా పడితే చెరువు మత్తడి దుంకుతుందని ఊరంతా చూడటానికి వెళ్లేది. సమతలంగా, కచ్చితమైన పొడవుతో కట్టిన ఆ రాతి గోడ ప్రవాహాన్ని కొలిచే మంచి సాధనం. ఇరవై మీటర్ల మత్తడి మీద 30 సెంటీమీటర్ల ఎత్తున నీరు పారుతుంటే సుమారు 200 క్యూసెక్కులు. ఎత్తు 33 అని తప్పు చదివినా పదిహేను శాతమే పెరుగుతుంది. బత్తాయి లెక్కకంటే ఎంతో మేలు. మత్తడి పక్కన ఒక గేజీ పలక బిగించి, రోజుకు రెండుసార్లు ఒకరు చదివి రాస్తే చాలు. ఒకప్పుడు ఊళ్లో చెరువు నీటిని చూసుకునే నీరటి చేసిన పనికి ఇది కొనసాగింపు. కానీ మత్తడిని ఆక్రమించి గోడ కట్టినా, ఇసుక బస్తాలు పేర్చినా ఆ లెక్క చెల్లదు. 2024 ఆగస్టులో, ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా గగన్‌పహాడ్ అప్పచెరువులో షెడ్లు కూల్చింది. తొలగింపు తర్వాతి పని మత్తడిని, గేజీని నిలబెట్టడం.

రెండోది, నాలా మీది వంతెనలకు రాడార్ మట్టం మీటర్లు. కూడళ్లలో ఇప్పటికే ఉన్న సీసీ కెమెరాలు కూడా సాయపడతాయి. వరదలో తేలే నురగ, చెత్త కదలికను వీడియోలో చూసి పైపొర వేగాన్ని లెక్కించే పద్ధతి ఫ్రాన్స్, జపాన్ వంటి దేశాల్లో వాడుకలో ఉంది. వరద రాత్రి ఎవరూ నీటిలో దిగనక్కర్లేదు.

మూడోది అధికారులకు విన్నపం. క్యూసెక్కుల అంకె చెప్పినప్పుడు తేడా కూడా చెప్పండి. "450 క్యూసెక్కులు, అటూఇటూ 100" అంటే వినేవారికి అధికారి మీద నమ్మకం పోదు. కల్వర్టు కట్టేవాడు 550కి కడతాడు. "450" అని మాత్రమే చెబితే వాడు 450కే కడతాడు, నీరు 550 వస్తే రోడ్డు తెగుతుంది. ఆ వంద క్యూసెక్కుల తేడా రాయకపోవడం వల్ల పోయేవి మనుషుల ప్రాణాలు.

చివరిగా అలీనగర్, గగన్‌పహాడ్, కాటేదాన్, శివరాంపల్లి వాసులకు ఒక మాట. వరద గుర్తులు మీ గోడల మీదే ఉంటాయి, మీరు చూపకపోతే ఇంజనీరుకు అవి దొరకవు. ఈ వానాకాలం ఇంట్లోకో వీధిలోకో నీరు వస్తే, తగ్గాక మరక ఎక్కడిదాకా ఉందో అక్కడ ఒక గీత గీయండి. పక్కన తేదీ, నీరు ఎక్కిన గంట రాయండి. సున్నం వేసేముందు ఫొటో తీసి వార్డు కార్యాలయంలో ఇవ్వండి.